ధ్రువపత్రానికేనా ఇంటర్న్‌షిప్?

డిగ్రీ చదివే విద్యార్థి కళాశాల గడప దాటి కర్మాగారానికో, మార్కెట్ యార్డుకో, గ్రామ పంచాయతీకో వెళ్ళి కొంతకాలం పని నేర్చుకొని రావాలన్న ఆలోచన నేడు విద్యా విధానాల్లో ప్రముఖ స్థానం సంపాదించుకొంది. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 విద్యా సంవత్సరం నుంచి డిగ్రీలో పది నెలల ఇంటర్న్‌షిప్‌ను తప్పనిసరి చేశారు. మొదటి ఏడాది ముగిశాక రెండు నెలల సామాజిక సేవా ప్రాజెక్టు, రెండో ఏడాది ముగిశాక రెండు నెలల స్వల్పకాలిక శిక్షణ, ఆపైన ఒక సెమిస్టరు కాలం పూర్తిగా పనిచోట శిక్షణ అన్నది ఆ ఏర్పాటు. విశ్వవిద్యాలయాల నిధుల సంఘం 2022 డిసెంబరులో ప్రకటించిన డిగ్రీ పాఠ్యప్రణాళికా చట్రం కూడా ఇంటర్న్‌షిప్‌కు క్రెడిట్లు కేటాయించింది. తమిళనాడు 2022లో ‘నాన్ ముదల్వన్’ పథకాన్ని ప్రారంభించి నైపుణ్య శిక్షణను కళాశాలల్లోకి తెచ్చింది. కర్ణాటక 2021-22లో జాతీయ విద్యా విధానాన్ని అందరికంటే ముందు అమలుచేసి, 2024లో తిరిగి మూడేళ్ళ డిగ్రీకి మళ్ళింది. విధానాలు ఎన్ని విధాలుగా మారినా, చదువుకు పని తోడు కావాలన్న మాటను మాత్రం ఎవరూ కాదనడం లేదు.

సరిహద్దు గ్రామాల కుటుంబాలకు ఈ చర్చ పరాయిది కాదు. పావగడ, బాగేపల్లి, బళ్ళారి, హోసూరు, తిరుత్తణి, రాయగడ, పర్లాకిమిడి, సిరోంచ, యానాం వంటి ప్రాంతాల తెలుగు కుటుంబాల్లో ఒక బిడ్డ సొంత రాష్ట్రంలోనూ, మరొక బిడ్డ ఎల్ల దాటి పొరుగు రాష్ట్రంలోనూ చదవడం వింత కాదు. వాణిజ్యశాస్త్రమో, వ్యాపార నిర్వహణో, సమాజశాస్త్రమో చదువుతున్న బిడ్డ ‘ఇంటర్న్‌షిప్‌కు వెళ్ళాలి’ అన్ననాడు ఆ ఇంట్లో తలెత్తే ప్రశ్నలు మూడే. ఎంత ఖర్చవుతుంది? ఎంత దూరం వెళ్ళాలి? దీనివల్ల ఉద్యోగం వస్తుందా? ఈ మూడూ న్యాయమైన ప్రశ్నలే. అయితే వీటన్నింటికంటే ముందు అడగవలసిన నాలుగో ప్రశ్న ఒకటుంది. ఆ పనికీ ఈ చదువుకూ సంబంధం ఏమిటి? దీనికి సమాధానం లేని ఇంటర్న్‌షిప్ విద్యార్థి కాలాన్నీ, తల్లిదండ్రుల ధనాన్నీ వృథా చేస్తుందన్నది గుర్తించవలసిన సత్యం.

రెండు శాస్త్రాలు, ఒకే సంత

వ్యాపార శాస్త్రం లెక్కను నేర్పుతుంది. సమాజశాస్త్రం ఆ లెక్క వెనుక ఉన్న మనిషిని చూపుతుంది. తరగతి గదిలో ఈ రెండూ వేర్వేరు గంటల్లో, వేర్వేరు పుస్తకాల్లో ఉంటాయి. పనిచోట మాత్రం రెండూ కలిసే ఉంటాయి.

సరిహద్దు ప్రజలకు చిరపరిచితమైన టమాటా మార్కెట్‌నే తీసుకొందాం. ఎల్లకు అటు కోలారు, ఇటు మదనపల్లె పేరుమోసిన టమాటా మార్కెట్లు. ఏ వైపు ధర బాగుంటే ఆ వైపుకు బండి కట్టడం ఆ ప్రాంత రైతులకు అలవాటు. 2023 జూలైలో చిల్లర ధర కిలో వంద రూపాయలు దాటినప్పుడు దేశమంతా ఈ మార్కెట్ల వైపు చూసింది. ఇటువంటి చోట ఒక మండీలో శిక్షణకు చేరిన బీకాం విద్యార్థికి మొదటి వారంలోనే పాఠం దొరుకుతుంది. వేలంపాటలో పలికిన ధర ఎంత, అందులో కమీషన్ ఎంత, లారీ కిరాయి ఎంత, దింపుడు కూలి ఎంత, చివరకు రైతు చేతికి వచ్చేది ఎంత అన్నది అతడు పద్దు పుస్తకంలో రాసుకోగలడు. స్థూల ఆదాయానికీ నికర ఆదాయానికీ ఉన్న తేడా పాఠ్యపుస్తకంలో ఒక వాక్యం. మండీలో అది ఒక రైతు ముఖంలో కనిపించే నిజం.

కానీ అంతటితో అతని సందేహం తీరదు. పక్క మండీలో ధర ఎక్కువ పలుకుతుందని తెలిసి కూడా ఒక రైతు అదే మండీకి ఎందుకు సరుకు తెస్తాడు? వ్యాపార శాస్త్రం చెప్పే ‘స్వేచ్ఛా విపణి’ ఇక్కడ సమాధానం చెప్పలేదు. విత్తనానికీ, ఎరువుకూ, మొక్కలకు దన్నుగా నాటే కట్టెలకూ మండీ యజమాని దగ్గర ముందే తీసుకొన్న అప్పు ఆ రైతును కట్టిపడవేసి ఉండవచ్చు. ఆపదలో ఆదుకొన్న మొహమాటమో, తరాల నాటి పరిచయమో కారణం కావచ్చు. కాయలు కోసిన మహిళా కూలీల వేతనాన్ని ఎవరు నిర్ణయిస్తారన్నది మరో ప్రశ్న. ఇక్కడ సమాజశాస్త్రం అక్కరకు వస్తుంది. వాణిజ్య విద్యార్థి పద్దు, సమాజశాస్త్ర విద్యార్థి ప్రశ్నావళి ఒకచోట చేరినప్పుడే ఆ మార్కెట్ నిజ స్వరూపం బోధపడుతుంది.

అనుభవం చెప్పే పాఠం

ఈ ఆలోచన కొత్తది కాదు. అమెరికాలోని సిన్సినాటి విశ్వవిద్యాలయంలో 1906లో హెర్మన్ ష్నైడర్ అనే ఆచార్యుడు ఇంజినీరింగ్ విద్యార్థులను కొంతకాలం తరగతిలో, కొంతకాలం కర్మాగారంలో మార్చి మార్చి ఉంచే పద్ధతిని ప్రారంభించారు. పనిచోట ఎదురైన చిక్కును తరగతికి తేవడం, తరగతిలో నేర్చిన సూత్రాన్ని పనిచోట పరీక్షించడం ఆ పద్ధతికి ప్రాణం. మన దేశంలో గాంధీజీ 1937లో వార్ధా విద్యా సదస్సులో ప్రతిపాదించిన నయీ తాలీం సైతం చేతిపనిని చదువుకు కేంద్రంగా భావించింది. 1964-66 నాటి కొఠారీ కమిషన్ ‘పని అనుభవం’ విద్యలో అంతర్భాగం కావాలని సిఫారసు చేసింది.

తెలుగు నేలకు దగ్గరి ఉదాహరణ శామీర్‌పేట. హైదరాబాదు సమీపంలోని ఈ గ్రామాన్ని 1950వ దశకం ఆరంభంలో ఉస్మానియా విశ్వవిద్యాలయం తన సామాజిక సేవా విస్తరణ కార్యక్రమానికి ఎంచుకొంది. పలు శాఖల అధ్యాపకులు, విద్యార్థులు గ్రామంలో సేవ చేస్తూనే అక్కడి జీవనాన్ని అధ్యయనం చేశారు. ఆ కృషికి సారథ్యం వహించిన ఎస్.సి. దూబే 1955లో వెలువరించిన ‘ఇండియన్ విలేజ్’ గ్రంథం భారత గ్రామీణ సమాజశాస్త్రంలో మైలురాయిగా నిలిచింది. 1948లో మైసూరు సమీపంలోని ఒక గ్రామంలో నివసించి అధ్యయనం చేసిన ఎం.ఎన్. శ్రీనివాస్ ‘ప్రాబల్య కులం’ అన్న భావనను తన క్షేత్రానుభవం నుంచే రూపొందించారు. నేడు డిగ్రీ విద్యార్థి కంఠస్థం చేస్తున్న ఆ పదం ఒకనాడు ఒక పల్లె వీధుల్లో పుట్టింది.

వ్యాపార నిర్వహణనూ గ్రామాధ్యయనాన్నీ జోడించిన సంస్థగా గుజరాత్‌లోని ఆనంద్‌లో 1979లో వర్గీస్ కురియన్ స్థాపించిన గ్రామీణ నిర్వహణ సంస్థను చెప్పుకోవాలి. అక్కడి విద్యార్థులు కొన్ని వారాలు పల్లెలో నివసించి అక్కడి జీవనాన్ని అధ్యయనం చేయడం, వేరుగా ఒక సంస్థలో నిర్వహణ శిక్షణ పొందడం పాఠ్యక్రమంలో భాగమయ్యాయి. పాలు పోసే రైతు జీవితం తెలియనివాడు పాల సంఘాన్ని నడపలేడన్నది దాని వెనుక ఉన్న సూత్రం. 2025లో పార్లమెంటు చేసిన చట్టం ద్వారా ఈ సంస్థ త్రిభువన్ సహకార విశ్వవిద్యాలయంగా మారింది.

ఈ ప్రయత్నాలన్నింటిలోనూ కనిపించే సామాన్య లక్షణం ఒక్కటే. విద్యార్థి వెళ్ళేటప్పుడు ఒక ప్రశ్నతో వెళ్ళాడు. వచ్చేటప్పుడు సమాధానమో, అంతకంటే మంచి ప్రశ్నో తెచ్చాడు. దానిని విని, దిద్ది, చర్చించే అధ్యాపకుడు అతనికి ఉన్నాడు.

లోపం ఎక్కడ?

ఆచరణలో ఈ మూడూ కొరవడటమే నేటి శోచనీయమైన పరిస్థితి. వందలాది విద్యార్థులకు ఒకేసారి శిక్షణా స్థలాలు చూపడం చిన్న పట్టణాల కళాశాలలకు శక్తికి మించిన పని. ఫలితంగా ‘ఎక్కడైనా చూసుకొని ధ్రువపత్రం తెచ్చుకోండి’ అన్న మాట వినిపిస్తుంది. డబ్బు తీసుకొని పని నేర్పకుండానే ధ్రువపత్రం చేతిలో పెట్టే వ్యాపారానికి ఇదే ద్వారం తెరిచింది. గ్రామ సర్వే చేయవలసిన విద్యార్థి ఇంట్లో కూర్చొని ప్రశ్నావళి నింపడం, నిరుటి నివేదికకు పేరు మార్చి సమర్పించడం దాని పర్యవసానాలే.

రెండో లోపం దీనికి విరుద్ధమైనది. కొన్నిచోట్ల పని ఉంటుంది గాని చదువు ఉండదు. విద్యార్థిని చౌక కూలీగా భావించి నెలల తరబడి ఒకే యంత్రం ముందు నిలబెట్టడం, కాగితాలు మోయించడం ఇంటర్న్‌షిప్ అనిపించుకోదు. ఇక్కడ చట్టపరమైన తేడాను కుటుంబాలు తెలుసుకోవాలి. 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం కింద ఒప్పందం నమోదైన అభ్యర్థికి స్టైపెండ్ చట్టబద్ధమైన హక్కు. కేవలం ఇంటర్న్ అని చేర్చుకొన్నవారికి ఆ చట్టం రక్షణ వర్తించదు. అందుచేత కాగితంపై ఏమి రాసి ఉందో చదవకుండా సంతకం చేయడం తగదు. ఆడపిల్లల విషయంలో మరో రక్షణ ఉంది. పనిచోట లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో వచ్చిన చట్టం శిక్షణలో ఉన్నవారికీ వర్తిస్తుంది. పది మంది లేదా అంతకు మించి పనిచేసే ప్రతి సంస్థలోనూ అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండాలి. ఆ కమిటీ ఉన్నదా అని తండ్రి అడగడం అనుమానం కాదు, హక్కు.

మూడో లోపం దూరం. కేంద్ర ప్రభుత్వం 2024లో ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకాన్ని ప్రయోగాత్మకంగా ప్రారంభించింది. ఐదేళ్ళలో కోటి మంది యువతకు అగ్రశ్రేణి సంస్థల్లో అవకాశం కల్పించడం లక్ష్యమని ప్రకటించింది. ప్రారంభంలో నెలకు 5,000 రూపాయల సాయం, ఒకసారి 6,000 రూపాయల అదనపు సాయం నిర్ణయించారు. మొదటి విడతలో 82 వేలకు పైగా అవకాశాలు అభ్యర్థుల ముందుకు రాగా, చివరకు చేరినవారు తొమ్మిది వేలకు లోపే. దూరం, పన్నెండు నెలల కాలవ్యవధి ఇందుకు కారణాల్లో ఉన్నాయి. ఊరు విడిచి వెళ్ళిన బిడ్డకు గది అద్దె, భోజనం, ప్రయాణం కలిపితే ఆ సాయం ఏ మూలకు వస్తుందో పల్లె కుటుంబానికి ఎవరూ చెప్పనవసరం లేదు. పైగా ప్రారంభ నిబంధనల ప్రకారం పూర్తికాల విద్యార్థులు దీనికి అర్హులు కారు. అంటే పని ఇక్కడ చదువు ముగిశాక వచ్చే అంకమే గాని చదువులో భాగం కాదు. మహారాష్ట్ర 2024లో ప్రారంభించిన యువ కార్య శిక్షణ పథకం వంటివి ఆ రాష్ట్ర నివాసులకే పరిమితం. ఎల్లకు ఇవతల చదివి అవతల నివసించే కుటుంబాలు నివాస నిబంధనను ముందుగానే చూసుకోవాలి.

సరిహద్దు బలం

అయినా నిరాశకు తావు లేదు. సరిహద్దు బిడ్డకు మహానగర విద్యార్థికి లేని సంపద ఒకటుంది. ఇంట్లో తెలుగు, బజారులో కన్నడమో తమిళమో ఒడియానో మరాఠీనో, పుస్తకంలో ఇంగ్లీషు. రెండు రాష్ట్రాల సంతలు, రెండు రాష్ట్రాల బస్సులు, రెండు ప్రభుత్వాల పథకాలు అతనికి కళ్ళముందే ఉన్నాయి. ఒకే పంటకు ఎల్లకు అటూ ఇటూ ధర ఎందుకు మారుతుంది, పాల సంఘం ఒక ఊళ్ళో నిలబడి పక్క ఊళ్ళో ఎందుకు కూలిపోయింది, హోసూరు కర్మాగారాలకు వెళ్ళే యువకుల సంపాదన పల్లె కుటుంబాల్లో ఏ మార్పు తెచ్చింది, స్వయం సహాయక సంఘం అప్పు నిజంగా ఎవరి చేతిలో ఖర్చవుతోంది? వీటిలో ఏ ఒక్కటీ దూరపు నగరంలో వెతకవలసిన ప్రశ్న కాదు. బస్సు చార్జీతో ముగిసే ఇంటర్న్‌షిప్‌లో ఉత్తమమైన అధ్యయనం చేయవచ్చు.

ఇందుకు కళాశాలలు చేయవలసినవి కొన్ని ఉన్నాయి. వాణిజ్య, సమాజశాస్త్ర విద్యార్థులను జంటలుగా ఒకే చోటికి పంపాలి. వెళ్ళేముందు ప్రశ్నను రాయించాలి. వారానికొకసారి దినచర్య పుస్తకాన్ని అధ్యాపకుడు చూడాలి. తిరిగి వచ్చాక మార్కులు ధ్రువపత్రానికి గాక, విద్యార్థి తరగతి ముందు చేసే ప్రసంగానికి, ఎదుర్కొనే ప్రశ్నలకు ఇవ్వాలి. నివేదిక ప్రతిని ఆ గ్రామ పంచాయతీకో, సంఘానికో వారి భాషలో అందజేయాలి. వివరాలు చెప్పిన ఊరికి ఏమీ తిరిగి దక్కకపోతే, మరుసటి ఏడు వచ్చే విద్యార్థికి తలుపు తెరిచేవారుండరు.

తల్లిదండ్రుల బాధ్యత కూడా తక్కువది కాదు. ఇంటర్న్‌షిప్ పేరిట డబ్బు అడిగేవారిని, నేర్పబోయేది ఏమిటని నిలదీయాలి. అనుబంధ ఒప్పందం ఉన్నదా, పర్యవేక్షించే అధ్యాపకుడు ఎవరు, క్రెడిట్లు ఎన్ని అని కళాశాలను అడగాలి. బిడ్డ ఇంటికి వచ్చిననాడు ‘సర్టిఫికెట్ ఇచ్చారా’ అని గాక, ‘ఏమి చూశావు, అది నీ పుస్తకంలో చెప్పినట్టే ఉందా’ అని ప్రశ్నించాలి. అక్షరం రాని తల్లి కూడా అడగగల ప్రశ్న ఇది. సంతలో తక్కెడ చూసిన ఆమె అనుభవం ఆ సమాధానంలోని నిజానిజాలను ఇట్టే పట్టుకోగలదు.

ధ్రువపత్రం ఒక్క ఉద్యోగ దరఖాస్తుకు పనికిరావచ్చు, రాకపోవచ్చు. ప్రశ్నించడం నేర్చిన బుద్ధి జీవితాంతం పనికివస్తుంది. పని, చదువు ఒకదానినొకటి ప్రశ్నించుకొనేలా చేయగలిగిననాడే ఇంటర్న్‌షిప్‌కు సార్థకత. ఆ దిశగా కళాశాలలను నడిపించే ఒత్తిడి ప్రభుత్వ ఉత్తర్వుల కంటే ముందు, ఫీజు కడుతున్న పల్లె ఇంటి అరుగు మీద నుంచే మొదలు కావాలి.