శబ్దమే శౌర్యమా?

విజ్ఞానశాస్త్రము మానవునికి ప్రసాదించిన వరములలో వాహనము ఒకటి. దూరములను దగ్గర చేసి, కాలమును ఆదా చేసిన ఆ వరమును అనుభవించుటలో వివేకము లోపించినచో, అదే ఇరుగుపొరుగులకు శాపముగా పరిణమించగలదు. ఈ సత్యమును మేము పుస్తకములలో గాక మా ఊరి వీధిలోనే తెలుసుకొన్నాము.

గడచిన సంక్రాంతి సెలవులలో మా నంగునూరుకు నగరము నుండి ఒక మిత్రుడు తన కారులో వచ్చినాడు. స్టీరింగు పక్కన ఒక చిన్న మీట ఉన్నది. దానిని నొక్కగానే, అంతవరకు మెత్తగా నడచుచున్న ఇంజను ఒక్కసారిగా గర్జించినది. చుట్టూ చేరిన మేమందరము చప్పట్లు కొట్టినాము. మాలో ఇద్దరు దాని ధర కూడ అడిగినారు. ఇంతలో పక్క వాడలో పాలు పిండుచున్న ఒక అమ్మ చేతిలోని చెంబును తన్నివేసి, బర్రె తలుగు తెంపుకొని పరుగెత్తినది. వెనుక ఇంటిలో, ముందు రోజే ఆసుపత్రి నుండి వచ్చిన ఒక పెద్దాయన ఉలిక్కిపడి లేచినాడు. ఆయన కుమారుడు బయటికి వచ్చి మమ్మల్ని పల్లెత్తు మాట అనలేదు. చేతులు జోడించి నిలబడినాడు. ఆ జోడించిన చేతులే ఈ వ్యాసమునకు కారణము.

ఆ మీట నడిపించు పరికరము పేరు ఎలక్ట్రిక్ ఎగ్జాస్ట్ కటౌట్. ఇంజను నుండి వెలువడు వాయువులు పొగగొట్టములో పయనించునప్పుడు కాటలిటిక్ కన్వర్టరు వాటిలోని విషమును, సైలెన్సరు వాటి శబ్దమును తగ్గించును. కటౌట్ అనగా సైలెన్సరుకు ముందు అతికించిన ఒక పక్కదారి. దాని నోటిలో రేకు తలుపు, తలుపును త్రిప్పుటకు చిన్న మోటారు ఉండును. చెరువు తూము ఎత్తినట్లు, మీట నొక్కగానే తలుపు తెరుచుకొని వాయువులు నేరుగా బయటపడును. ఇది క్రొత్త వింత కాదు. 1897లో అమెరికాలో రీవ్స్ సోదరులు సైలెన్సరుకు పేటెంటు పొందినారు. ఆ తరువాత కొద్దికాలమునకే, కాలితో తొక్కి తెరచు కటౌట్లు కూడ కార్లకు వచ్చినవి. అక్కడి నగరములు వాటిని నిషేధింపవలసి వచ్చినది.

“దీనివలన ఇంజను బలము పెరుగును గదా” అని మిత్రులు వాదింతురు. ఆ వాదములో కొంత నిజము లేకపోలేదు. ఇంజను మిక్కిలి వేగముగా తిరుగునప్పుడు వాయువులకు అడ్డు తగ్గిన కొలది శక్తి కొంత పెరుగవచ్చును. కాని గుంతలు, ఎడ్లబండ్లు, బడిపిల్లలు ఉన్న మా దారులలో అంత వేగమునకు తావెక్కడిది? ఇక్కడ పెరుగునది శబ్దమే. పందెపు బాటపై నడుపు వారు దీనిని ఎన్నుకొనునప్పుడు గొట్టము వ్యాసమునకు సరిపోవునది, తుప్పు పట్టని ఉక్కుతో చేసినది చూడవలెను. కన్వర్టరుకు, ఆక్సిజన్ సెన్సారులకు తరువాతనే అమర్చవలెను. పెట్రోలు గొట్టమునకు, విద్యుత్ తీగలకు వేడి తగులనీయరాదు. అతుకు వదులైనచో రంగు, వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ కారులోనికే చేరి ప్రాణము తీయగలదు. అట్టి సాధనమునకు తగిన చోటు చెన్నై సమీపమున ఇరుంగట్టుకోట్టై వంటి పందెపు బాట గాని, ఊరి నడివీధి కాదు.

చట్టము ఈ విషయమున మౌనముగా లేదు. ప్రతి మోటారు వాహనమునకు శబ్దమును తగ్గించు సైలెన్సరు ఉండవలెనని 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నిబంధనలు చెప్పుచున్నవి. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారము నివాస ప్రాంతములలో పరిమితి పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్. 2019 సవరణ తరువాత, శబ్ద ప్రమాణములను ఉల్లంఘించి వాహనము నడుపు వానికి మొదటి తప్పుకే మూడు నెలల వరకు జైలు గాని, 10,000 రూపాయల వరకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. మన రాష్ట్రమున పోలీసులు మార్పు చేసిన సైలెన్సర్లను రోడ్డు రోలరుతో తొక్కించిన దృశ్యములు మనమందరము చూచినవే.

అయితే దండన కుర్రవానితోనే ఆగిపోవుట న్యాయము కాదని మా అభిప్రాయము. ఆ వస్తువును అద్దాల బీరువాలో పెట్టి అమ్మువారు, రెండు గంటలలో బిగించి పంపువారు నిశ్చింతగా ఉన్నంత కాలము, తొక్కించిన సైలెన్సరు స్థానమున మరియొకటి వచ్చును. యంత్రముపై యువకులకు గల ప్రేమ నేరము కాదు, దానికి దారి చూపకపోవుటయే లోపము. కావున కళాశాల కమిటీ వారికి మా విన్నపములు రెండు. సైలెన్సరు మార్చిన వాహనమును గేటు లోనికి రానీయకుండుట మొదటిది. భౌతికశాస్త్ర ప్రయోగశాలలో ఒక పాత ఇంజనును విప్పి చూపించి, ఆసక్తి గల విద్యార్థులను ఏటా ఒకసారి పందెపు బాటకు తీసుకొనిపోవుట రెండవది.

2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్ సాగర్ తీరమున ఫార్ములా ఈ పందెము జరిగినది. గంటకు 200 కిలోమీటర్లను మించి పోగల ఆ విద్యుత్ కార్లకు పొగగొట్టమే లేదు. వేగమునకు గర్జన అవసరము లేదనుటకు ఇంతకన్న నిదర్శనమేమి కావలెను?

విద్యార్థి మిత్రులారా! ‘హక్కు’ అను మాట ఉర్దూ నుండి, ‘బాధ్యత’ అను మాట సంస్కృతము నుండి మన తెలుగులో స్థిరపడినవి. ఈ రెండును కలిసి ఉన్నప్పుడే మాట పూర్తియగును. కారు మనది కావచ్చును, వీధి అందరిది. ఆనాడు ధర అడిగిన మా ఇద్దరు మిత్రులు ఆ పరికరమును కొనలేదు. మీట నొక్కిన మిత్రుడు మరునాడు ఆ పెద్దాయనను పరామర్శించి, తలుపు మూసిన కారుతోనే ఊరు దాటినాడు. అతడు వెళ్ళిన సంగతి వీధిలో ఎవరికిని తెలియలేదు. అదియే మంచి ప్రయాణము.