అకాల వర్షమా? ఎవరికి అకాలం?

ఏటా ఏప్రిల్ రాగానే పేపర్లలో ఒకటే హెడ్డింగు, "అకాల వర్షం" అని. అసలిది అకాలం ఎలా అవుతుందండీ? పగలంతా నేల కాగుతుంది, బంగాళాఖాతం నుంచి తేమగాలి వస్తుంది, సాయంత్రానికి క్యుములోనింబస్ మేఘాలు, ఉరుములు, వడగళ్ళు. మామిడి జల్లులని పేరు కూడా పెట్టుకున్నాం. పేరు పెట్టి పిలిచే చుట్టం చెప్పకుండా వచ్చాడంటే ఎవరు నమ్ముతారు? 2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటల్లో 36,749 పిడుగులు నమోదయ్యాయి. పిడుగులు లెక్కపెట్టడం వచ్చు మనకి, వడ్ల మీద టార్పాలిన్ కప్పడమే రాదు!

పోయినేడు మా నాన్న కొనుగోలు కేంద్రంలో వడ్లు పోసి తొమ్మిది రోజులు కాపలా కాశాడు. పదో రోజు వాన. తేమ 17 శాతం దాటిందని తూకం వెయ్యలేదు. "ఊహించని వాన, మేమేం చేస్తాం" అన్నారట. ఏటా ఏప్రిల్లో వచ్చే బగ్గుని "ఊహించలేదు" అంటే మన క్లయింటు ఊరుకుంటాడా?

ఆ సాయంత్రం హైదరాబాదులో మిర్చిబజ్జీ తింటూ "అబ్బ, ఏం వెదరు!" అన్నవాణ్ణే నేనూ. సిగ్గుతో ఒప్పుకుంటున్నా.

కనీసం ఆ "అకాల" అన్న మాట మానేద్దాం. వాన వేళకే వచ్చింది. వేళకి రానిది లారీ.