చెరసాలలో వెలిసిన చదువుల కోవెల

విశాఖపట్నం నుంచి హౌరా వైపు పోయే రైలులో ఒడిశా దాటి వంగదేశంలో ప్రవేశించిన ప్రయాణికునికి మొదట ఎదురయ్యే పెద్ద కూడలి ఖరగ్‌పూర్. అక్కడి ప్లాట్‌ఫారం పొడవు 1072 మీటర్లకు పైమాటే. ప్రపంచంలోకెల్లా పొడవైన ప్లాట్‌ఫారం అని చాలాకాలం దానికి పేరుండేది. 2013లో గోరఖ్‌పూర్, ఆ తరువాత 2023లో హుబ్బళ్ళి ఆ ఖ్యాతిని తమవి చేసుకున్నాయి. ఆ ప్లాట్‌ఫారం ఈ చివర నుంచి ఆ చివరకు నడిచేలోగా బెంగాలీ, హిందీ, ఒడియా భాషలతో పాటు తెలుగు పలుకులూ చెవిని పడతాయి. అవి దారిన పోయే యాత్రికుల మాటలు మాత్రమే కావు, ఆ ఊరివారి మాటలు కూడా.

ఖరగ్‌పూర్ రైలు పెంచిన ఊరు. 19వ శతాబ్దం ముగిసే వేళ బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ ఇక్కడ జంక్షన్‌ను, దాని వెంట పెద్ద కర్మాగారాన్ని నెలకొల్పింది. 20వ శతాబ్దపు ఆరంభంలో తూర్పు తీరపు రైలు మార్గంలోని ఉత్తర భాగం అదే కంపెనీ చేతికి వచ్చింది. దానితో విశాఖ, శ్రీకాకుళం ప్రాంతాల నుంచి తెలుగువారు పని వెతుక్కుంటూ ఈ కర్మాగారానికి చేరారు. ఇంజన్లు విప్పి బిగించడం, ఇనుము కాచి సాగదీయడం, పెట్టెలకు చక్రాలు అమర్చడం వారికి తరతరాల జీవనాధారమయింది. ఈ రైల్వే కార్మికులను సంఘటిత పరచి, 1928లో ఉద్యోగాలు కోల్పోయిన వారి తరఫున శాంతియుతమైన సమ్మె నడిపిన నాయకుడు వరాహగిరి వెంకటగిరి. 1969లో ఆయనే భారత రాష్ట్రపతి అయినారు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాషగా గుర్తింపు ఇవ్వడానికి అంగీకరించినప్పుడు అందరి నోటా వినిపించిన ఊరి పేరు ఖరగ్‌పూరే.

ఈ ఊరికి మరొక ముఖమున్నది. స్టేషను నుంచి కొన్ని కిలోమీటర్లు పోతే, పూరీ వైపు సాగే రైలు మార్గానికి ఆవల, హిజ్లీ అనే చోట మధ్యన ఎత్తయిన బురుజుతో ఒక పొడవాటి పాత భవనం కనిపిస్తుంది. నేడు దాని చుట్టూ సుమారు 2100 ఎకరాలలో భారత సాంకేతిక విద్యాసంస్థ, అనగా ఐ.ఐ.టి. ఖరగ్‌పూర్, విస్తరించి ఉన్నది. దేశంలోని ఐ.ఐ.టి.లన్నింటిలో ఇదే మొదటిది. అయితే ఈ భవనంలో మొదట అడుగుపెట్టినవారు విద్యార్థులు కారు, ఖైదీలు.

1930లో స్వాతంత్ర్యోద్యమం ఉవ్వెత్తున లేచినప్పుడు వంగదేశపు జైళ్ళు నిండిపోయినవి. విచారణ లేకుండా నిర్బంధించిన యువకులను ఉంచడానికి ప్రభుత్వం హిజ్లీలో ఒక శిబిరం తెరిచింది. వారిలో చాలామంది చదువుకున్నవారు, కళాశాలలు విడిచి వచ్చినవారు. 1931 సెప్టెంబరు 16వ తేదీ రాత్రి కాపలా భటులు నిరాయుధులైన నిర్బంధితులపై తుపాకులు పేల్చారు. సంతోష్ కుమార్ మిత్రా, తారకేశ్వర్ సేన్‌గుప్తా అనే ఇద్దరు యువకులు నేలకొరిగారు. వారి భౌతిక కాయాలను తీసుకొనిపోవడానికి సుభాష్ చంద్ర బోస్ హిజ్లీకి వచ్చారు. అప్పటికి 70 ఏళ్ళు నిండిన రవీంద్రనాథ ఠాగూరు అనారోగ్యాన్ని లెక్కచేయక కలకత్తా మైదానంలో జరిగిన బహిరంగ సభకు వచ్చి ఈ ఘాతుకాన్ని ఖండించారు. 1937లో మూతబడిన శిబిరాన్ని 1940లో మళ్ళీ తెరిచి, 1942లో శాశ్వతంగా మూసివేశారు.

అక్కడ చదువులకు బీజం పడింది స్వాతంత్ర్యానికి కొంచెం ముందు. యుద్ధానంతరం దేశంలో పరిశ్రమలు పెరగాలంటే ఉన్నత శ్రేణి ఇంజనీర్లు కావాలని వైస్రాయి కార్యనిర్వాహక మండలి సభ్యుడు సర్ అర్దెషిర్ దలాల్ భావించారు. నళినీ రంజన్ సర్కార్ అధ్యక్షతన ఏర్పడిన సంఘం దేశానికి నాలుగు దిక్కులా నాలుగు ఉన్నత సాంకేతిక విద్యాలయాలు ఉండాలని సూచించింది. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ వారి ఎదుట ఉన్న నమూనా. నాడు పరిశ్రమలు అధికంగా ఉన్నది బెంగాల్‌లోనే గనుక తూర్పు దిక్కుకు తొలి అవకాశం దక్కింది. ముఖ్యమంత్రి డాక్టర్ బిధాన్ చంద్ర రాయ్ పట్టుదల కూడా ఇందుకు తోడయింది. 1950 మే నెలలో కలకత్తాలో ఒక కార్యాలయంగా మొదలైన సంస్థ అదే ఏడు సెప్టెంబరులో హిజ్లీకి తరలివచ్చింది.

ఆ శిథిల జ్ఞాపకాన్ని నేలమట్టం చేసి కొత్త భవనం కట్టుకోవచ్చు. కాని అలా జరగలేదు. నిర్బంధితులు మసలిన గదులలోనే తరగతులు, ప్రయోగశాలలు, కార్యాలయాలు వెలిశాయి. 1951 ఆగస్టులో తొలి విద్యా సంవత్సరం ఆరంభమైనప్పుడు విద్యార్థులు 224 మంది, అధ్యాపకులు 42 మంది. ఆగస్టు 18న విద్యామంత్రి మౌలానా అబుల్ కలాం ఆజాద్ సంస్థను లాంఛనంగా ప్రారంభించారు. బెంగుళూరులోని భారత విజ్ఞాన సంస్థకు అంతకు పూర్వం సారథ్యం వహించిన రసాయన శాస్త్రవేత్త జ్ఞాన చంద్ర ఘోష్ దీనికి మొదటి డైరెక్టరు.

1956లో జరిగిన ప్రథమ స్నాతకోత్సవానికి ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ వచ్చారు. ఏళ్ళ తరబడి జైళ్ళలో గడిపిన ఆయనకు ఆ గోడల అర్థం మరొకరు చెప్పవలసిన పని లేదు. ఒకప్పటి నిర్బంధ శిబిరం దేశ భవిష్యత్తును తీర్చిదిద్దే విద్యాలయం కావడంలో ఆయన భారతదేశపు ఆకాంక్షనే చూశారు. అదే సంవత్సరం సెప్టెంబరులో పార్లమెంటు ప్రత్యేక శాసనం ద్వారా దీనిని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా ప్రకటించింది. పాత భవనం నేడు హిజ్లీ షహీద్ భవన్. 1990 నుంచి నెహ్రూ పేరిట ఒక విజ్ఞాన ప్రదర్శనశాల కూడా అక్కడ ఉన్నది.

సంస్థ తన ధ్యేయ వాక్యాన్ని భగవద్గీత నుంచి గ్రహించింది. కర్మలయందు కౌశలమే యోగమని దాని భావం. ఆలోచిస్తే ఆ వాక్యం రైల్వే కర్మాగారపు గోడ మీద కూడా అంతే చక్కగా ఒదుగుతుంది. పట్టాలకు ఈవల అరిగిన ఇరుసును చేతితో తడిమి లోపం చెప్పగల పనివాడున్నాడు. ఆవల ఆ ఇరుసు ఎంత బరువుకు, ఎన్నాళ్ళకు అలసి విరుగుతుందో లెక్కగట్టగల విద్యార్థి ఉన్నాడు. ఒకరిది తండ్రి నుంచి కొడుకుకు వచ్చిన విద్య, మరొకరిది దేశమంతటా జరిగే పోటీ పరీక్షలో నెగ్గి సంపాదించిన విద్య. రెండూ కౌశలమే.

ఈ సంస్థ చదువులలో సముద్రానికి ప్రత్యేక స్థానమున్నది. హిజ్లీ అనే పేరే పూర్వం మేదినీపూర్ సముద్ర తీర ప్రాంతానిది. 1948లో విశాఖపట్నంలో జల ఉష నౌక జలప్రవేశం చేసింది. ఓడలు మన రేవులలో తయారు కావడం మొదలైన ఆ రోజుల్లో, వాటి రూపకల్పన నేర్పే శాఖ మన దేశంలో లేదు. 1952లో ఖరగ్‌పూర్‌లో వెలిసిన నౌకానిర్మాణ శాఖ దేశంలో ఆ కోవకు చెందిన మొదటిది. అలల చప్పుడు వినిపించనంత దూరంలో, పొడవాటి నీటి తొట్టిలో నమూనా ఓడలను లాగి, నీరు వాటిని ఎంత బలంగా అడ్డగిస్తుందో అక్కడ కొలుస్తారు. వ్యవసాయ ఇంజనీరింగు, వాస్తుశిల్పం కూడా తొలి సంవత్సరాలలోనే బోధనాంశాలయ్యాయి. 2006లో న్యాయ విద్యకు సైతం ప్రత్యేక విభాగం ఏర్పడింది.

ఇక్కడి విద్యార్థి జీవితానికి కేంద్రం వసతి గృహం. పటేల్, ఆజాద్, నెహ్రూ, రాజేంద్ర ప్రసాద్, లజపతి రాయ్ వంటి దేశనాయకుల పేర్లే వాటికి పెట్టారు. విద్యార్థినుల గృహాలలో ఒకటి సరోజినీ నాయుడు పేరిట ఉన్నది. మొదట్లో వేళ్ళ మీద లెక్కించదగిన విద్యార్థినుల సంఖ్యను పెంచడానికి 2018 నుంచి ఐ.ఐ.టి.లన్నింటిలో అదనపు సీట్లు కేటాయించారు. ఉదయాన తరగతులకు బయలుదేరే సైకిళ్ళ వరుసలు ఆ ఆవరణకు నిత్య శోభ. భాష ఎరుగని ఊరిలో, ఒకే గదిలో తమిళుడు, పంజాబీ, తెలుగువాడు కలసి ఉండి నాలుగేళ్ళలో ముగ్గురికీ చెందిన ఒక మిశ్రమ భాషను తయారు చేసుకుంటారు.

విజయనగరం సమీపంలోని కోరుకొండ సైనిక పాఠశాలలో చదివి, ఆపై ఇక్కడ భౌతిక శాస్త్రంలో పట్టం పొందిన దువ్వూరి సుబ్బారావు 1972లో ఐ.ఏ.ఎస్. పరీక్షలో దేశంలో ప్రథముడుగా నిలిచి, 2008 నుంచి 2013 వరకు రిజర్వు బ్యాంకు గవర్నరుగా వ్యవహరించారు. 1993లో లోహశాస్త్రంలో పట్టభద్రుడైన సుందర్ పిచాయ్ గూగుల్ సంస్థకు అధిపతి అయ్యారు. ఇటువంటి పేర్లు విన్నప్పుడల్లా గర్వంతో పాటు ఒక ప్రశ్న కూడా పుడుతుంది. ప్రజాధనంతో చదివి విదేశాలకు వెళ్ళినవారు దేశానికి ఏమి తిరిగి ఇచ్చారు?

ఈ ప్రశ్నకు ఒక్క మాటలో సమాధానం లేదు. విదేశాలలో స్థిరపడిన పూర్వ విద్యార్థులు పెద్ద మొత్తాలు విరాళమిచ్చి ఇక్కడ కొత్త విభాగాలు నెలకొల్పారు. ఇక్కడే ఉండిపోయి ఆనకట్టలు, కర్మాగారాలు, నౌకలు నిర్మించిన వేలాది మంది పేర్లు పత్రికలకు ఎక్కలేదు. సమీపంలోని గోపాలి గ్రామంలో విద్యార్థుల చొరవతోనే పేద పిల్లలకు ఒక పాఠశాల వెలిసింది. అయినా ప్రశ్న మాత్రం తీరదు, తీరకూడదు కూడా. సంతోష్ మిత్రా, తారకేశ్వర్ సేన్‌గుప్తా ఏ పట్టమూ ఆశించకుండా ప్రాణాలిచ్చిన చోట నిలబడి పట్టం అందుకొనే ప్రతి యువకుణ్ణీ ఆ గోడలు ఈ ప్రశ్న అడుగుతూనే ఉంటాయి. పాత భవనాన్ని కూల్చకుండా ఉంచినందువల్ల కలిగిన గొప్ప ప్రయోజనం ఇదే.

ఏటా దీపావళి రాత్రి ఆ ఆవరణను చూడాలి. వారాల తరబడి విద్యార్థులు వెదురు తడికలు కట్టి, వాటి మీద వేలాది మట్టి ప్రమిదలను రామాయణ భారత గాథల చిత్రాలుగా అమరుస్తారు. వసతి గృహాల నడుమ పోటీ తీవ్రంగా సాగుతుంది. చీకటి పడి విద్యుద్దీపాలు ఆర్పగానే, నూనె దీపాల వెలుగులో ఆ చిత్రాలు సజీవమై నిలుస్తాయి. ఆ రాత్రి పూరీ గేటు దాటి పట్టణవాసులు కుటుంబాలతో తరలివస్తారు. పట్టాలకు ఇరువైపుల వారూ ఒకే వెలుగులో భుజం భుజం రాసుకుంటూ నిలబడతారు.

ఒకనాడు తుపాకుల మెరుపులు మాత్రమే చూసిన నేల అది. దీపాలు వెలిగించే చేతులూ, వాటిని చూడవచ్చిన కర్మాగారపు చేతులూ ఒకరి విద్యను ఒకరు గుర్తించిన నాడు హిజ్లీలో ప్రాణాలు విడిచిన ఆ ఇద్దరు యువకుల ఋణం కొంతైనా తీరినట్లే.