బాతు ఒక్కటే చావలేదు

నీటి కాలుష్యం పాఠం వచ్చినప్పుడల్లా మేం చాలా ఏళ్లు ఒకటే వాక్యం రాయించాం: ‘చమురు తెట్టు వల్ల నీటిపక్షులు చనిపోతాయి.’ పిల్లలు రాశారు, మార్కులు వేశాం. ఆ నీళ్ల ఒడ్డున ఎవరు బతుకుతున్నారో చెప్పలేదు. ఆ తప్పు మాదే.

1989 మార్చి 24న అలాస్కాలోని ప్రిన్స్ విలియం సౌండ్‌లో ఎక్సాన్ వాల్డెజ్ ఓడ నీటిలోని రాతిదిబ్బకు గుద్దుకుంది. సుమారు 4 కోట్ల లీటర్ల ముడిచమురు నీళ్లలో కలిసింది. రెండున్నర లక్షల పక్షులు చచ్చి ఉంటాయని అంచనా.

ఎలా చచ్చాయి? బాతు ఈకలు ఒకదాన్నొకటి కొక్కేల్లా పట్టుకుని ఒంటికి నీళ్లు తగలనివ్వవు. చమురు అంటితే ఆ పట్టు ఊడుతుంది, చలి ఒంట్లోకి దిగుతుంది. శుభ్రం చేసుకుందామని ముక్కుతో ఈకలు దువ్వుకుంటే ఆ చమురే కడుపులోకి పోతుంది. పేగులు, కాలేయం చెడతాయి, రక్తం తగ్గిపోతుంది. గుడ్డు మీద కొన్ని చుక్కలు పడినా లోపలి పిల్ల చావొచ్చు.

హార్లెక్విన్ బాతు ఒడ్డు రాళ్ల మధ్య నత్తలు, పురుగులు ఏరుకు తింటుంది. శుభ్రం చేసే పని 1992లో ముగించారు. చమురు మాత్రం రాళ్ల కిందే ఉండిపోయింది. 20 ఏళ్ల తర్వాత కూడా ఆ బాతుల కాలేయంలో చమురు తగిలిన గుర్తులు దొరికాయి. ముగిసింది పనే!

ఆ ఒడ్డునే టాటిట్లెక్, చెనెగా అనే అలూటిక్ ఆదివాసుల ఊళ్లున్నాయి. చేపలు, సీల్ మాంసం, గుల్లలు, బాతులు వాళ్ల తిండి. తింటే ఏమవుతుందోనన్న భయంతో వేట తగ్గింది. వేట తగ్గితే పిల్లలకు నేర్పేదీ తగ్గుతుంది. మా బతుకుతీరే దెబ్బతిందని వాళ్లు కోర్టుకెక్కారు. వేటలో పోయినదానికి మాత్రం లెక్క కట్టారు. మిగతాది అందరు అలాస్కావాసులకూ జరిగిన నష్టం లాంటిదే, వేరు రకం కాదని 1997లో అప్పీలు కోర్టు తేల్చేసింది.

ఈ మాట మనకు కొత్తా? ముంపు సర్వేకు వచ్చినవాళ్లు చింతచెట్టుకింత, ఇంటికింత అని రాసుకుపోతారు. చెట్టు కింది అమ్మవారికి ఆ కాగితంలో గడి ఉండదు.

‘మనుషులు చస్తుంటే పక్షుల గోలేంటి’ అని మనవాళ్లే కొందరు విసుక్కుంటారు. బాతును తినే ఊరికి బాతు జబ్బు వేరు, తన జబ్బు వేరు కాదు. విడదీసి లెక్క రాసేది నష్టపరిహారం ఇచ్చేవాళ్లు. వాళ్ల లెక్కను మనమెందుకు మోయాలి?

ఇప్పుడు ఆ వాక్యం కింద మేం ఇంకో ప్రశ్న రాయిస్తున్నాం: ‘ఆ పక్షిని ఎవరు తింటారు?’ పరీక్షలో దానికి మార్కుల్లేవు. అయినా టీచర్లారా, మీరూ రాయించండి.