ఖనిజమునకు లెక్క గలదు, పండితునకు లెక్క లేదా?

తుమ్మలపల్లె పేరు నేడు దేశమంతటను వినబడుచున్నది. పులివెందుల ప్రాంతమున వేముల మండలములోని యీ చిన్న గ్రామమునకు ఆ ఖ్యాతి వచ్చినది పంట వలన గాదు, తీర్థము వలన గాదు. నేలక్రింది సున్నపురాతి పొరలలో నిమిడియున్న యురేనియము వలన. టన్ను రాతికి అరకిలో యైనను దక్కని ఖనిజమది. అయినను అణుఖనిజ శాఖవారు సంవత్సరముల తరబడి బోరులు వేసిరి. పైకి వచ్చిన రాతికడ్డీలను పరీక్షించిరి. ఎంత లోతున నెంత యున్నదో పటములలో నెక్కించిరి. నలువదితొమ్మిదివేల టన్నుల నిల్వ నిశ్చయమైనదనియు, అది లక్షన్నర టన్నుల వఱకు పెరుగవచ్చుననియు 2011లో అణుశక్తి శాఖాధిపతులు దేశమునకు చాటిరి. 2007లో శంకుస్థాపన జరిగినది. 2012లో కర్మాగారము పనికి దిగినది. ఈ శ్రద్ధను నేను నిందింపను. లెక్క తెలియనిదే గని త్రవ్వరాదు.

నా ప్రశ్న వేఱు. ఈ నేలయే మఱియొక ఖనిజమును గూడ పండించుచున్నది. వేరుసెనగయు, చీనీయు, అరటియు పండించి అప్పులతో కాలము గడపు రైతుల యిండ్ల నుండి, కూలిజనుల యిండ్ల నుండి పిల్లలు కడపలోని యోగి వేమన విశ్వవిద్యాలయమునకో, తిరుపతికో, అనంతపురమునకో, హైదరాబాదునకో పోయి, ఐదేండ్లు ఆఱేండ్లు పరిశోధన చేసి, డాక్టరు పట్టములతో మరలి వచ్చుచున్నారు. వీరిలో పట్టము పుచ్చుకొని పదియేండ్లు నిండనివారెందఱు? వారిలో స్థిరమైన కొలువున నున్నవారెందఱు, గంటల లెక్కను పాఠములు చెప్పువారెందఱు, పోస్టుడాక్టరు పరిశోధకులై యేటికేడు ఒప్పందము పొడిగింపునకు ఎదురుచూచువారెందఱు, చదివిన చదువును గట్టున పెట్టి అంగడి తెఱచుకొన్నవారెందఱు? రాతిలోని యరకిలోకు లెక్క చెప్పగల రాజ్యము ఈ ప్రశ్నకు నోరు మెదపదు.

గత సంవత్సరము ఈ గని చుట్టుపట్ల పల్లెలలో నొకదానికి చెందిన యువకుడు నా కార్యాలయమునకు వచ్చెను. వయస్సు ముప్పదినాలుగు. భూగర్భజలముల రసాయనమును గూర్చి పరిశోధించి డాక్టరైనాడు. నా బల్లపై మూడు నియామకపు కాగితములు పఱచినాడు. ఒక్కొక్కటి కొన్ని మాసములకే. ఒకదానికిని మఱియొకదానికిని నడుమ కొలది దినముల విరామము. ఆ విరామమున కర్థము న్యాయవాది కెఱుకయే: నిరంతర సేవ యనిపించుకొనకుండుటకు కట్టిన గోడ యది. “అన్నా, ఈ కాగితాలు పెట్టి కోర్టుకు పోతే కేసు నిలుస్తుందా?” అని యడిగినాడు. “నాయనా, నీ వలె జిల్లాలో నెందఱున్నారు?” అని నేనడిగితిని. “మేము నలుగురం ఒకరికొకరం తెలుసు. మిగతావాళ్ళ సంగతి ఎవరికి తెలుసన్నా?” అని యతడు చెప్పిన మాట నా చెవిలో నేటికిని మ్రోగుచున్నది. ఎవరికిని తెలియదు. తెలిసికొనవలెనని యెవరును కోరలేదు.

“లెక్క లేకేమి? అఖిలభారత ఉన్నతవిద్యా సర్వే యున్నది గదా” యని విద్యాశాఖ పక్షమువారు చెప్పుదురు. ఉన్నది. 2010–11 నుండి జరుగుచున్నది. 2014–15లో లక్షా పదియేడువేలుగా నుండిన పరిశోధక విద్యార్థుల సంఖ్య 2021–22 నాటికి రెండు లక్షల పదమూడువేలకు చేరినదనియు, వారిలో స్త్రీలు తొంబదియెనిమిదివేలకు పైబడినారనియు దానివలననే మనకు తెలిసినది. ఎంద ఱీ పట్టము పుచ్చుకొనిరో కూడ అది చెప్పును. కాని విశ్వవిద్యాలయపు ద్వారమువఱకే దాని చూపు. ద్వారము దాటిన మనిషి దాని కంటికి కనబడడు.

పోనీ, 2017–18 నుండి జరుగుచున్న శ్రామికశక్తి సర్వే ప్రకటనలను తిరుగవేయుడు. నిరక్షరాస్యులు మొదలుకొని పట్టభద్రుల వఱకు వరుసలున్నవి; చివరి వరుస “పోస్టుగ్రాడ్యుయేటు, అంతకు పైన” అనునది. నిన్న ఎం.ఏ. ముగించిన పిల్లవాడును, పండ్రెండేండ్లు పరిశోధనలో గడపిన పండితుడును ఒకే సంచిలోని గింజలైరి. విజ్ఞానసాంకేతిక శాఖవారు సంస్థల నడిగి పరిశోధక సిబ్బంది లెక్క సేకరింతురు. సంస్థ తన జీతపు పట్టీలో నున్నవానినే చెప్పును గాని, తాను వదలుకొన్నవానిని చెప్పదు. ఇక శోధగంగ యను గ్రంథాగారములో ఐదు లక్షలకు మించిన పరిశోధన గ్రంథములు భద్రముగా నున్నవి. గ్రంథము చిరునామా దొరకును. గ్రంథకర్త చిరునామా దొరకదు. పుట్టిన పుస్తకమును తొట్టెలో పెట్టి, కన్నతల్లిని వీధిలో విడిచిన చందమిది.

లెక్క లేకుండ శాసించుటవలని ఫలమేమో మనము కన్నులార చూచితిమి. విశ్వవిద్యాలయములలో సహాయాచార్యులగుటకు డాక్టరు పట్టము తప్పనిసరి యని 2018లో విశ్వవిద్యాలయ గ్రాంటుల సంఘము విధించెను. 2021 జూలై మొదటి తేదీనుండి యమలు కావలెననెను. ఆ తేదీ వచ్చినది. నియమము 2023 జూలైకి వాయిదా పడినది. 2023 జూలై వచ్చినది. అప్పుడు నెట్ వంటి అర్హతపరీక్షయే చాలును, పట్టము ఐచ్ఛికమని సంఘమువారే తీర్మానించిరి. విధించిన నాడు దేశమున నెందఱు పట్టభద్రులున్నారో, ఏ శాస్త్రమున మిక్కిలిగా నున్నారో, ఏ శాస్త్రమున కొఱతయో చూపు పట్టిక యొక్కటి ముందుంచుకొని యుండినచో ఈ దిద్దుబాట్లు కావలసివచ్చెడివా? ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమన్నట్లు నియమములు పుట్టినవి, పోయినవి. నడుమ నలిగినది నియమమును నమ్మి అప్పుచేసి పరిశోధనలో చేరిన బీదయింటి బిడ్డ.

ధనము మాట చూడుడు. 2023లో సవరించిన రేట్ల ననుసరించి జూనియరు పరిశోధకునికి నెలకు 37,000 రూపాయలు, రెండేండ్ల తరువాత 42,000 రూపాయలు. సంపూర్ణ భృతి దొరకిన యొక్కొక్క విద్యార్థిపై ఐదేండ్లలో, ఇంటియద్దె భత్యము గాక, ఇరువదినాలుగు లక్షల ప్రజాధనము వ్యయమగుచున్నది. గ్రామ పంచాయతీలో ఇరువదినాలుగు లక్షలతో చెఱువుగట్టు వేసిన, గట్టు నిలిచినదా తెగినదా యని తనిఖీ కలదు, వ్రాత కలదు. అంతే ధనముతో తయారైన మనిషి నిలిచెనా కూలెనా యని చూచు తనిఖీ యెక్కడ? భృతి దొరకని వారి సంగతి వేఱుగా జెప్పవలెనా? తల్లి మెడలోని పుస్తెలతో నడచిన పరిశోధనలు మన పల్లెలలో లేవా?

అమెరికావారి యందు మనము మెచ్చవలసిన గుణములు అన్నియు గాకున్నను, ఈ విషయమున వారి జాగరూకతను చూచి సిగ్గుపడవలెను. తమ దేశమున పుట్టిన ప్రతి డాక్టరు పట్టమును వారు 1957 నుండి లెక్క వ్రాయుచున్నారు. పట్టము పొందినవారి జీవనగతిని సుమారు రెండేండ్ల కొకసారి విచారించు సర్వే 1973 నుండి నడచుచున్నది. అంతటితో తృప్తి చెందక, పట్టము పుచ్చుకొని పదియేండ్లు మించనివారిని ప్రత్యేకముగా విచారించు సర్వేను 2015లో ప్రయోగముగాను, 2017లో మఱలను జరిపిరి. ఎందులకు? పరదేశములలో పట్టము పొంది తమ ప్రయోగశాలలలో పోస్టుడాక్టరులుగా పనిచేయువారు పాత లెక్కలకు చిక్కుట లేదని. ఈ పరదేశీయులలో భారతీయులును గలరు. అనగా మన కడపలో పట్టమందిన బిడ్డ అక్కడి ప్రయోగశాలలో చేరినచో, “నీ జీతమెంత? నీ ఒప్పందమెన్నాళ్ళు? నీ కోరిక యేమి?” అని యడుగవలెనని తోచినది వాషింగ్టనునకు. అమరావతికి తోచలేదు, ఢిల్లీకి తోచలేదు. పెరటి చెట్టు మందునకు పనికిరాదను సామెత మనకొఱకే పుట్టినట్లున్నది.

తెలుగువారికి ఈ గతి క్రొత్తయు గాదు. భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు 1930లో హార్వర్డు విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టమందిరి. అంతకు ముందే, 1925లోనే, ఫిస్కెతో గూడి ఆయన కనిపెట్టిన భాస్వర పరిమాణ పద్ధతి జీవరసాయన ప్రయోగశాలలలో వాడుకకు వచ్చినది. అయినను పట్టమందిన పదియేండ్లకు, 1940లో, స్థిరోద్యోగము దొరకకయే ఆ విద్యాలయమును వీడి ఔషధసంస్థకు పోవలసివచ్చెను. 1948లో గతించిన తరువాత గాని ఆయన యెవరో మనలో పెక్కురు నెఱుగరు. చనిపోయిన పిదప విగ్రహము పెట్టుటకంటె, బ్రతికియున్నపుడు లెక్కలో పెట్టుట సులభము గాదా?

ఆక్షేపణలు లేకపోలేదు. “కావలసినది కొలువులు గాని పట్టికలు గావు” అని కొందఱందురు. కొలువుల నడుగుటకే పట్టిక కావలెను. న్యాయస్థానమున సంఖ్యయే సాక్షి. 2025 ఆగస్టులో సుప్రీముకోర్టువారు గుజరాతులోని కాంట్రాక్టు సహాయాచార్యులకు ఆ పదవి కనీస వేతనశ్రేణి నీయవలసినదని తీర్పు చెప్పిరి. ఆ యధ్యాపకులు నెలకు ముప్పదివేల రూపాయలతో ఏండ్లు గడపినవారు. ఎందఱు, ఎన్నాళ్ళు, ఎంతకు అను వివరమును న్యాయమూర్తుల ముందుంచగలిగిరి గనుక గెలిచిరి. నా బల్లవద్దకు వచ్చిన యువకుని చేత నలుగురి పేర్లే యున్నవి.

“కూలివాని యాకలికే లెక్క లేదు, డాక్టరుకు లెక్కయా?” అని మఱి కొందఱు. ఈ మాటలో న్యాయమున్నది. కాని యీ డాక్టరు చాలచోట్ల ఆ కూలివాని కొడుకే, ఆ వంశమున మొట్టమొదట పలక పట్టినవాడే. ఇతడు ఓడినచో తరువాతి కూలివాడు తన బిడ్డను పదవతరగతితోనే మాన్పించును. అంతేగాక, తుమ్మలపల్లె చుట్టుపట్ల బోరునీళ్ళు చెడినవని గ్రామస్థులు మొఱపెట్టుచున్నారు. వ్యర్థముల చెఱువువలన హానిలేదని గని సంస్థవారు బదులు చెప్పుచున్నారు. ఈ వివాదమున ఎవరి పక్షమును వహింపక నీటిని పరీక్షింపగల విద్యావంతుడు ఆ పల్లెలలోనే పుట్టి, పనిలేక తిరుగుచుండుట ఎవరికి మేలు?

“వ్యయ” మని మూడవ ఆక్షేపణ. మన యాంధ్ర విశ్వవిద్యాలయమున చదివి, 2023లో అంతర్జాతీయ సంఖ్యాశాస్త్ర బహుమానమందిన సి. ఆర్. రావుగారిని గూర్చి గర్వపడు జాతి, కొలది మందిని మాదిరిగా తీసి సమస్తమును గ్రహించు విద్య యెఱుగమని చెప్పుట తగునా?

అధికారము లేదనుటకును వీలులేదు. 2008వ సంవత్సరపు గణాంకముల సేకరణ చట్టము ఆర్థిక, జనాభా, సాంఘిక, వైజ్ఞానిక, పర్యావరణ విషయములపై గణాంకములు సేకరింపుడని ప్రకటనద్వారా యాజ్ఞాపించు నధికారమును కేంద్రమునకే గాక రాష్ట్ర ప్రభుత్వమునకును, పంచాయతీలకును, పురపాలక సంఘములకును ఇచ్చినది. వైజ్ఞానిక విషయమను మాట చట్టములోనే యున్నది. సమాచారమిచ్చినవారి గోప్యతకు రక్షణయు నందే యున్నది. కొఱతపడినది చట్టము గాదు, సంకల్పము.

కావున మనము కోరునది స్పష్టము. ఒకటి: పట్టమందిన పదియేండ్లలోపు వారందఱి జాబితాను విశ్వవిద్యాలయములు సిద్ధపఱచవలెను; వారినే రెండేండ్ల కొకసారి విచారింపవలెను. రెండు: కొలువున నున్నవారిని మాత్రమే యడుగరాదు, అమెరికావారి 2017 సర్వే విద్యాసంస్థలయందును, సర్కారు ధనముతో నడచు పరిశోధనాలయములయందును ఉన్నవారినే యడిగి తక్కినవారిని విడిచినది, ఆ లోపము మనకు వలదు. పని లేనివారిని, వృత్తి మార్చినవారిని, ఇంట కూర్చుండిన స్త్రీలను ముందుగా నడుగవలెను. మూడు: జీతము, ఒప్పంద కాలము, నడుమ విరామములు, కులము, లింగము, కుటుంబములో మొదటి తరము విద్యావంతులా యనునది వ్రాయవలెను. నాలుగు: ఫలితమును ఏటేట శాసనసభ ముందుంచవలెను. అయిదు: 2027 జనగణనలోను, శ్రామికశక్తి సర్వేలోను డాక్టరు పట్టమును ప్రత్యేకపు వరుసగా ప్రకటింపవలెను.

ప్రభుత్వము కదలువఱకు మనము చేతులు ముడుచుకొని యుండవలెనా? ఉద్యమమున పల్లెపల్లెకు నడచిన స్వయంసేవకులారా! వేముల మండలమునుండియే మొదలుపెట్టుదము. ఒక్కొక్క గ్రామమున నొక్కొక్క ఆదివారము ఇంటింటికి పోయి, “ఈ యింట డాక్టరు పట్టమందినవారు గలరా? ఇపుడేమి చేయుచున్నారు?” అని యడిగి, వారి యనుమతితో వ్రాసికొని, ఆ పట్టికను పంచాయతీ ముందు పెట్టుదము. చట్టమిచ్చిన యధికారమును వాడుడని తీర్మానము కోరుదము. ఒక పంచాయతీ చేసినచో జిల్లా తప్పించుకొనలేదు; ఒక జిల్లా చేసినచో రాష్ట్రము తప్పించుకొనలేదు.

యురేనియము భూమిలో ఎన్ని యుగములైనను వేచియుండగలదు. ముప్పదినాలుగేండ్ల పండితుడు వేచియుండలేడు. అతని పేరు లెక్కలో నెక్కువఱకు ఈ ప్రశ్నను మనము విడువరాదు.