నడుము నొప్పికి మూలకణ చికిత్స: ధర్మం ఏమంటుంది?

ప్రశ్న: అస్సలాము అలైకుమ్. మా వారు దర్జీ. నాలుగేళ్లుగా నడుము నొప్పితో బాధపడుతున్నారు. వెన్నుపూసల మధ్య డిస్కు అరిగిందని ఎం.ఆర్.ఐ.లో తేలింది. ఆయన ఎముక మజ్జ నుండే స్టెమ్ సెల్స్ తీసి డిస్కులోకి ఎక్కిస్తే అది మళ్ళీ పెరుగుతుందని ఒక క్లినిక్‌వారు చెప్పి, రూ. 3 లక్షలు అడుగుతున్నారు. నా మహర్ నగలు అమ్మి, తక్కువపడినది వడ్డీకి తెద్దామని ఆయన అంటున్నారు. ఈ చికిత్స ధర్మసమ్మతమేనా?
– ఒక సోదరి, కర్నూలు జిల్లా

జవాబు: వ అలైకుముస్సలామ్ వ రహ్మతుల్లాహ్. అల్లాహ్ మీ వారికి సంపూర్ణ స్వస్థత ప్రసాదించుగాక! మీ ప్రశ్నలో మూడు విషయాలు ఉన్నాయి.

మొదటిది, కణాల మూలం. మక్కాలోని రాబితా ఫిఖ్హ్ అకాడమీ 2003 డిసెంబరులో జరిగిన తన 17వ సమావేశంలో ఈ విషయాన్ని చర్చించింది. హాని కలగనప్పుడు, పెద్దవారి శరీరం నుండి వారి సమ్మతితో తీసిన మూలకణాలను చికిత్సకు వాడవచ్చని తీర్మానించింది. కావాలని చేసిన గర్భస్రావం ద్వారా పొందిన కణాలను నిషేధించింది. మీ వారి కణాలు ఆయనకే వాడుతున్నారు గనుక ఈ కోణంలో అభ్యంతరం లేదు.

రెండవది, ప్రయోజనం. డిస్కుకు రక్త ప్రసరణ అతి స్వల్పం. అందుకే అరిగిన డిస్కు సులభంగా కోలుకోదు. మూలకణాలు ఆ లోటు తీరుస్తాయన్నది వైద్యుల ఆశ. కానీ దాతల మజ్జ నుండి తయారుచేసిన కణాలతో 404 మందిపై జరిపిన ఒక పెద్ద పరీక్ష ఫలితాలు 2021లో వెలువడగా, కొందరికి నొప్పి తగ్గినా, ముందుగా నిర్ణయించుకున్న ప్రధాన లక్ష్యం నెరవేరలేదు. భారత వైద్య పరిశోధనా మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం ఇలాంటి చికిత్సను నమోదైన పరీక్షలలో మాత్రమే చేయాలి; పాల్గొనే రోగి నుండి డబ్బు తీసుకోరాదు. కనుక డబ్బు అడిగిన చోటనే మీరు ఆగి ఆలోచించాలి. వైద్యం తెలియకుండా వైద్యం చేసినవాడు జరిగిన హానికి బాధ్యుడని దైవప్రవక్త (స) హెచ్చరించారు. రుజువు కాని దానిని రుజువైనదిగా చెప్పి అమ్మడం మోసమే.

మూడవది, ధనం. వైద్యం చేయించుకోవడం ప్రవక్త (స) బోధించిన మార్గం. అయితే ఫతావా ఆలంగీరీలో ఫుఖహా ఉపాయాలను ఖచ్చితమైనవి, బలమైన ఆశ కలిగించేవి, కేవలం ఊహతో కూడినవి అని మూడు రకాలుగా విభజించారు. సాధారణ వైద్యం రెండవ రకానికి చెందినది. దానిని సైతం వదిలినవాడు పాపి కాడు. అలాంటప్పుడు ఇంకా రుజువు కాని చికిత్స కోసం వడ్డీ అనే మహాపాపాన్ని నెత్తిన వేసుకోవడానికి ‘తప్పనిసరి’ అనే సాకు చెల్లదు. మహర్ మీ సొంత ఆస్తి. మీరు మనస్ఫూర్తిగా ఇస్తే తప్ప దానిపై ఆయనకు హక్కు లేదు. ఇవ్వనన్నందుకు మీరు దోషి కారు.

మరి ఏం చేయాలి? ఎం.ఆర్.ఐ.లో అరుగుదల కనిపించినంత మాత్రాన భయపడకండి. నొప్పి లేనివారిలోనూ అది కనిపిస్తుంది. ప్రభుత్వాసుపత్రిలోని ఎముకల వైద్యునికి చూపించండి. ఫిజియోథెరపీ, క్రమమైన వ్యాయామం, మిషను ముందు ఎడతెగకుండా కూర్చోకుండా మధ్యమధ్య లేచి నడవడం మేలు చేస్తాయి. కాళ్ళలో బలం తగ్గినా, మలమూత్రాలపై అదుపు తప్పినా, తొడల నడుమ తిమ్మిరి ఎక్కినా ఆ క్షణమే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

ఇక నమాజు. వ్యాధిగ్రస్తుడైన ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి)కు నిలబడి, వీలుకాకుంటే కూర్చుని, అదీ వీలుకాకుంటే పక్కకు ఒరిగి నమాజు చేయమని ప్రవక్త (స) అనుమతించారు. రుకూ, సజ్దాలు చేయలేకపోతే సైగలతో చేయాలి. సజ్దాకు తల మరికొంత వంచాలి. నొప్పిపై సహనం వహించే విశ్వాసికి ఆ బాధ పాపాలను తుడిచివేస్తుంది.

స్వస్థతనిచ్చేవాడు అల్లాహ్ ఒక్కడే. ధర్మబద్ధమైన మార్గంలోనే ఆయన మీకు ఉపశమనం కలిగించుగాక, ఆమీన్! వల్లాహు ఆలమ్.