డ్రాయింగ్ పీరియడ్ ఎవరిది?

దెందులూరు చుట్టుపక్కల ఏ బడికైనా వెళ్లి, పిల్లలకు తలా ఒక కాగితమిచ్చి నచ్చిన బొమ్మ వేయమనండి. రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, కిందికి జారే ఏరు, పక్కన పెంకుటిల్లు. తీరా బయటికొస్తే కనిపించేవి వరిచేలు, పామాయిల్ తోటలు, చేపల చెరువులు. ఆ కొండలు పై తరగతి అన్న బొమ్మలోంచి వచ్చాయి, అతనికి వాళ్ల అన్న బొమ్మలోంచి. పిల్లలకు ఊహ లేక కాదు, చుట్టూ చూడమని చెప్పేవాళ్లు లేక.

చూడటమంటే ఏమిటో జీలకర్రగూడెం దగ్గరి గుంటుపల్లి గుహల్లో తెలుస్తుంది. క్రీస్తుకు పూర్వమే కొండను తొలిచి చేసిన గుండ్రటి బౌద్ధ చైత్యం అక్కడుంది. లోపల నిలబడి తలెత్తితే రాతికప్పు మీద వాసాలు, వాటిని పట్టి ఉంచే అడ్డకర్రలు, అచ్చం పూరిపాకకు ఉన్నట్టే. రాతికప్పుకు వాసాలతో పనేముంది? అయినా చెక్కాడంటే, ఆ శిల్పి తానెరిగిన పాకను ఎంత శ్రద్ధగా చూసి ఉండాలి!

డ్రాయింగ్ క్లాసు నేర్పేదీ ఇదే. కొల్లేటి గూడబాతు ముక్కు కింద సంచి ఎక్కడ మొదలవుతుందో గీయాలంటే పిల్లాడు మళ్లీ మళ్లీ చూడాలి, చెరిపి మళ్లీ గీయాలి. సైన్సు మాస్టారు కోరుకునేదీ ఆ పరిశీలనే కదా!

బడిలో డ్రాయింగ్ చెప్పే మనిషి కావాలనడం కొత్త కోరికేమీ కాదు. ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో పిల్లలు నూరుమందికి మించితే కళావిద్యకు పార్ట్‌టైం బోధకులు ఉండాలని 2009 విద్యాహక్కు చట్టమే చెప్పింది. కానీ పరీక్షలు దగ్గరపడితే ముందు ఎగిరిపోయేది డ్రాయింగ్ పీరియడే. లెక్కల మాస్టారు అడుగుతారు, హెడ్మాస్టారు సరేనంటారు. ఆగస్టు 15కి ఒక పోటీ, గెలిచినవాడికి ఒక టిఫిన్ డబ్బా. అక్కడితో కళ ముగిసింది.

బొమ్మలు కూడు పెడతాయా అని తల్లిదండ్రులు అడుగుతారు. పదిలో మార్కులొస్తేనే నూజివీడు ట్రిపుల్ ఐటీలో సీటు, కాబట్టి ఆ భయాన్ని కొట్టిపారేయలేం. అయితే లెక్కలు చెప్పేది అందరినీ రామానుజన్‌లను చేయడానికి కాదు, బొమ్మలు నేర్పేదీ అందరినీ చిత్రకారులను చేయడానికి కాదు. ఇక నిజంగా చెయ్యి తిరిగిన ఆ ఒక్కరినీ గుర్తుపట్టడానికి బడిలో ఒక మనిషి ఉండాలి. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీలో ప్రిన్సిపాల్ కూల్డ్రే అలాంటి మనిషి. ఆయన ప్రోత్సాహంతోనే దామెర్ల రామారావు బొంబాయి జె.జె. ఆర్ట్ స్కూలుకు వెళ్లాడు. 1925లో, ముప్పయ్యేళ్లు నిండకుండానే కన్నుమూసినా ఆంధ్ర చిత్రకళకు దారి వేసిపోయాడు. భీమవరం ప్రాంతంలో పుట్టిన చిత్రకారుడు అడివి బాపిరాజూ ఆ కూల్డ్రే దొర శిష్యుడే.

డ్రాయింగ్‌లో లోయర్, హయ్యర్ పరీక్షలు పాసై, టీటీసీ శిక్షణ పొందినవాళ్లు మనకు కొత్త కాదు. చట్టం చెప్పిన చోట వాళ్లను వేయండి, ఆ పీరియడ్ జోలికి ఇంకెవరూ రాకుండా చూడండి. విహారయాత్ర బస్సును ఈసారి గుంటుపల్లికి తిప్పి, తలా ఒక అట్ట, పెన్సిలు ఇవ్వండి. ఒకరి బొమ్మ ఇంకొకరి బొమ్మలా ఉండకూడదన్న నిబంధన ఒక్కటి చాలు. మార్కులు మాత్రం వేయకండి.